పెనుగాలి వచ్చుటకు ముందే గ్రామము సిద్ధపడవలసిన విధము

కర్షకులారా,

అనావృష్టి వచ్చునప్పుడు నెలల ముందే దాని జాడ తెలియును. చెఱువు నిండకపోవుట, బావి ఇంకుట, మేత కఱవగుట మన కన్నుల యెదుటనే జరుగును. పెద్ద వఱద కూడ పలుచోట్ల కొన్ని గంటల ముందుగా తెలియుచున్నది. పెనుగాలి సంగతి యట్లు గాదు. మధ్యాహ్నము నిర్మలముగా నున్న ఆకాశము సాయంకాలమునకు నల్లబడి, పావుగంటలో ఇండ్ల కప్పులను లేపి, యాసంగి పంటను నేలపాలు చేసి, మరల పావుగంటలో శాంతించును. హెచ్చరికకు మిగులు కాలము నిమిషములు మాత్రమే. ఆ నిమిషములలో పనికివచ్చు ఏర్పాటును మాత్రము నెలల ముందు చేసికొనవలెను. ఈ సంగతిని వివరించుటయే ఈ పత్రము యొక్క ఉద్దేశము.

1. ఈ గాలి యెట్లు పుట్టును?

ఫాల్గుణము మొదలు జ్యేష్ఠము వఱకు మన భూములు మిక్కిలి వేడెక్కును. బంగాళాఖాతము నుండి తేమగాలి నేలకు దగ్గఱగా వచ్చును. దానిపైన పడమటి నుండి పొడిగాలి వీచును. వేడెక్కిన తేమగాలి వేగముగా పైకి లేచి, పది పదునైదు కిలోమీటర్ల ఎత్తు వఱకు మేఘమును కట్టును. ఉఱుములు, పిడుగులు, వడగండ్లు, గాలిదుమారము అన్నియు ఈ ఒక్క మేఘము నుండియే పుట్టుచున్నవి.

ఈ మేఘము వలన కలుగు పెనుగాలి ముఖ్యముగా రెండు విధములు. మొదటిది, మేఘమునందలి చల్లనిగాలి వానతో కూడ ఒక్కుమ్మడిగా క్రిందికి విఱుచుకొనిపడి, నేలను తాకి నలుదిక్కులకు పరచుకొనునది. మన జిల్లాలలో తఱచుగా కప్పులు లేపునది ఇదియే. రెండవది, మేఘము అడుగు నుండి తొండము వలె నేలకు దిగి గిఱ్ఱున తిరుగు సుడిగాలి. దీనినే టోర్నడో అందురు. ఎండవేళ చేలలో దుమ్మును, ఆకులను లేపు చిన్న సుడిగాలికిని దీనికిని సంబంధము లేదు. ఈ పెద్ద సుడి మన ప్రాంతమున మిక్కిలి అరుదు. వంగదేశము, ఒడిశా, బంగ్లాదేశముల యందు కొంత ఎక్కువ. అమెరికా దేశపు మధ్య మైదానములలో ప్రతి సంవత్సరము వచ్చును.

గాలి వేగము రెండింతలైన, దాని ఒత్తిడి నాలుగింతలగును, మూడింతలైన తొమ్మిదింతలగును. "ఇన్నేండ్లుగా నిలిచిన కప్పు ఇప్పుడేమగును?" అని ధైర్యముగా నుండుట యందలి పొరపాటు ఇక్కడనే యున్నది. సాధారణపు గాలికి నిలిచిన కప్పు, దానికి రెండింతల వేగముగల గాలికి నాలుగు రెట్లు బలముగా నుండినగాని నిలువదు.

2. గతమున జరిగినవి

1925 మార్చి 18వ తేదీన అమెరికాలో మిస్సోరి, ఇల్లినాయి, ఇండియానా అను మూడు రాష్ట్రముల మీదుగా ఒక సుడిగాలి సుమారు మూడున్నర గంటల సేపు, 350 కిలోమీటర్ల దూరము నడచెను. 695 మంది మరణించిరి. ఆ కాలమున ముందుగా చెప్పు విధానమే లేకుండెను. 1948 మార్చి 25న ఓక్లహోమా రాష్ట్రమున ఒక వైమానిక స్థావరమునందు ఇద్దఱు సైనికాధికారులు సుడిగాలి రాగలదని ముందుగా చెప్పిరి. వారు చెప్పినట్లే అది ఆ సాయంకాలమున వచ్చెను. విమానములను, మనుష్యులను ముందే భద్రపఱచి యుండుటచే ప్రాణనష్టము కలుగలేదు. ఆ పిమ్మట హెచ్చరికల పద్ధతి క్రమముగా వృద్ధి చెందెను.

హెచ్చరిక వచ్చినంత మాత్రమున పని తీరదు. 2011 మే 22న మిస్సోరి రాష్ట్రపు జోప్లిన్ పట్టణమునకు సుడిగాలి వచ్చుటకు పావుగంటకు పైగా ముందే సైరనులు మ్రోగినవి. అయినను అనేకులు వెంటనే కదలలేదు. సైరను తఱచుగా విని అలవాటు పడినవారు, ఇంకొక సాక్ష్యము దొఱకువఱకు వేచియుండిరి. ఆ దినమున నూటయేబదిమందికి పైగా మరణించిరి.

1989 ఏప్రిల్ 26న బంగ్లాదేశమున మాణిక్‌గంజ్ జిల్లాలో దౌలత్‌పూర్, సాటూరియా ప్రాంతమున వచ్చిన సుడిగాలి వలన సుమారు 1,300 మంది మరణించిరి. అక్కడి ఇండ్లు చాలవఱకు తడికలతోను రేకులతోను కట్టినవి. ముందుగా తెలుపు మార్గము లేదు; తెలిసినను తలదాచుకొనుటకు గట్టి కట్టడము సమీపమున లేదు. ఈ రెండు లోపములు కలిసిన చోట గాలి యొక్క బలము ఎన్నో రెట్లు ప్రాణాంతకమగును.

మనకు దగ్గఱి నిదర్శనము తెలంగాణమునందే కలదు. 2024 ఆగస్టు 31న ములుగు జిల్లా తాడ్వాయి, మేడారము నడుమనున్న అడవిలో పెనుగాలి వలన వందల ఎకరముల మేర వేలకొలది మహావృక్షములు కూలినవి. అది అడవియగుటచే మనుష్యులకు ముప్పు తప్పినది. అదే గాలి నాలుగైదు కిలోమీటర్లు ప్రక్కకు జరిగి ఒక ఊరిమీద పడియుండినచో ఏమగునో ప్రతి కర్షకుడును తన ఊరిని తలచుకొని ఆలోచింపవలెను. ఇది వేసవిలో గాక వానకాలమున వచ్చినదనియు గమనింపవలెను.

3. ఊరంతయు కూడి చేయవలసిన ఏర్పాట్లు

మాఘమాసములో, యాసంగి నాట్లు ముగిసిన పిమ్మట, గ్రామ పంచాయతియందు ఒకనాడు కూర్చుండి ఈ క్రింది నాలుగు సంగతులను నిశ్చయించుకొనవలెను.

మొదటిది: తలదాచుకొను చోటు. ప్రతి వాడకును ఒక గట్టి స్లాబు కట్టడమును ఏర్పఱచుకొనవలెను. పాఠశాల, పంచాయతి కార్యాలయము, సహకార సంఘపు గిడ్డంగి, లేదా ఒక గృహస్థుని డాబా ఏదైనను సరియే. నడచి ఐదు నిమిషములలో చేరునట్లుండవలెను. పెద్ద హాలు కంటె చిన్న గది మేలు. పెద్ద కప్పునకు నడుమ ఆధారము తక్కువ. రేకుల కప్పు గల పాఠశాలను ఎన్నటికిని ఎన్నుకొనరాదు.

ఈ సందర్భమున ఒక సంగతిని మొగమోటము లేక చెప్పవలసియున్నది. ఊరిలో డాబాలు గలవారు కొందఱు. గుడిసెలలోను, రేకుల ఇండ్లలోను నుండువారు చాలమంది. గాలి వచ్చిన నిమిషమున ఒకరి గడప తొక్కవచ్చునా, తొక్కినచో ఏమందురో యని కూలివారు సందేహించి నిలిచినచో ఆ సందేహమే వారి ప్రాణములను తీయును. కావున ఏ వాడవారు ఏ ఇంటికి పోవలెనో ముందే అందఱి యెదుట పలికి, పేరులు వ్రాసి, పంచాయతి గోడమీద అంటింపవలెను. ఆ ఇంటి యజమానుడు స్వయముగా ఆ వాడకు పోయి "మా తలుపు తీసియుండును, రండు" అని ఒకమాఱు చెప్పవలెను. అట్లు చెప్పిన మాట ఆ రాత్రి తాళపుచెవి కంటె ఎక్కువ పనిచేయును. పాఠశాల తాళపుచెవులు రెండుచోట్ల, పాఠశాలకు దగ్గఱ ఇండ్లలో నుండవలెను.

రెండవది: వార్త వినువాడు. భారత వాతావరణ శాఖవారు ప్రతి జిల్లాకును ఆకుపచ్చ, పసుపు, నారింజ, ఎఱుపు అను నాలుగు రంగులతో హెచ్చరికలు ఇచ్చుచున్నారు. ఆకుపచ్చ యనిన భయము లేదు; పసుపు యనిన గమనించుచుండుడు; నారింజ యనిన సిద్ధముగా నుండుడు; ఎఱుపు యనిన వెంటనే కార్యము చేయుడు. ఇవి గాక రాబోవు మూడు గంటలకు మాత్రము సంబంధించిన హెచ్చరికలును వచ్చును. పిడుగుల సమాచారము "దామిని" అను ఫోను సాధనమునందు తెలియును. ఫాల్గుణము నుండి జ్యేష్ఠము వఱకు ప్రతిదినము మధ్యాహ్నము రెండు గంటలకు ఈ హెచ్చరికలను చూచు బాధ్యతను ఇద్దఱు యువకులకు అప్పగింపవలెను. ఒకడు ఊరిలో లేనప్పుడు రెండవవాడు ఉండవలెను.

మూడవది: చాటు విధము. గాలికి ముందే విద్యుత్తు పోవచ్చును, ఫోనులు పనిచేయకపోవచ్చును. గుడి మైకు, మసీదు మైకు ఉన్నను వానిమీదనే ఆధారపడరాదు. డప్పు అన్నిటికంటె నమ్మదగినది. దండోరాకు వేయు దెబ్బ వేఱు, గాలి హెచ్చరికకు వేయు దెబ్బ వేఱు ఉండవలెను. ఆ దెబ్బను పిల్లలు మొదలు వృద్ధుల వఱకు అందఱును ముందే విని గుర్తించియుండవలెను.

నాలుగవది: అశక్తుల జాబితా. నడువలేని వృద్ధులు, బాలింతలు, చూపు లేనివారు, ఒంటరిగా నుండు స్త్రీలు ఎవరెవరో వ్రాసి, ఒక్కొక్కరిని తీసికొనిపోవుటకు ఒక్కొక్క పొరుగువానిని నియమింపవలెను. "ఎవరైనను తీసికొనివత్తురు" అనుకొనినచో ఎవరును తీసికొనిరారు.

ఈ ఏర్పాట్లను సంవత్సరమునకు ఒకమాఱైనను ఆచరించి చూడవలెను. డప్పు మ్రోగినది మొదలు చివరి మనిషి లోనికి వచ్చువఱకు ఎన్ని నిమిషములు పట్టెనో గడియారము చూచి వ్రాసికొనవలెను. పది నిమిషములు దాటినచో చోటు దూరమైనదని తెలిసికొని మార్చుకొనవలెను.

4. ఇంటి విషయమున

రేకుల కప్పు ఎగురకుండుటకై వానిమీద రాళ్ళు, ఇటుకలు, పాత టైర్లు పెట్టుట మన గ్రామములలో వాడుక. ఇది మిక్కిలి అపాయకరము. పెనుగాలికి రేకు లేచును. దానిమీది రాయి లోపల పరుండినవారి మీద పడును. రాళ్ళను దింపి, కొక్కెపు బోల్టులతో రేకును అడ్డదూలమునకు బిగింపవలెను. రేకు అంచుల యందును, చూరు ప్రక్కలను బోల్టులు దగ్గఱదగ్గఱగా నుండవలెను. గాలి మొదట పట్టునది అంచునే. దూలమును గోడకు ఇనుపపట్టీతో గాని లావు తీగతో గాని బంధింపవలెను. చూరు గోడకు వెలుపల ఎక్కువ పొడవుగా నుండరాదు.

కొందఱు గాలి వచ్చునప్పుడు కిటికీలు, తలుపులు తెఱచినచో లోపలి గాలి బయటికిపోయి ఇల్లు నిలుచునని చెప్పుదురు. ఇది సరికాదు. తెఱచిన తలుపు గుండ గాలి లోనికి జొరబడి కప్పును క్రిందినుండి పైకి త్రోయును. కావున అన్నియు మూసి గడియ వేయవలెను.

ఇంటిపై ఒరిగిన ఎండుకొమ్మలను వేసవికి ముందే కొట్టివేయవలెను. వాకిటనున్న రేకు ముక్కలు, విఱిగిన నాగళ్ళు, కఱ్ఱలు గాలిలో బాణముల వలె ఎగురును. వానిని ఒకచోట కట్టియుంచవలెను. పట్టాపాసుపుస్తకము, బ్యాంకు పుస్తకము, ఆధారు కార్డు మొదలగు పత్రములను ప్లాస్టికు సంచిలో చుట్టి, చేతికందునట్లు ఒకే పెట్టెలో నుంచవలెను.

5. పంట విషయమున

యాసంగి వరి కోతకు వచ్చు కాలమును, గాలివానల కాలమును ఒకటే. గింజలు నూటికి ఎనుబది, ఎనుబదియైదు పసుపు వర్ణమునకు వచ్చినప్పుడే కోయవలెను; పూర్తిగా ఎండువఱకు చేనులో నుంచుట గాలికి అప్పగించుటయే. కల్లమును పల్లమునందు గాక మెఱకమీద చేసి, చుట్టును జానెడు లోతు కాలువ త్రవ్వవలెను. ధాన్యము ఆరబోయుటకు పోవునప్పుడే టార్పాలినును, దానిని నేలకు కట్టు త్రాళ్ళను, మేకులను వెంట తీసికొనిపోవలెను. మేకులు లేని టార్పాలిను గాలిలో నిలువదు. మిరపకాయలు ఆరబోయువారికిని ఇదియే నియమము.

పంట తడిసి కంకిమీదనే మొలకెత్తు భయమున్నచో లీటరు నీటికి 50 గ్రాముల ఉప్పు కలిపి కంకులు తడియునట్లు చల్లవలెను. నిలిచిన నీటిని వెంటనే తీసివేయవలెను.

తోటలకు పడమటి వైపున గాలివాటముగా సరుగుడు మొదలగు చెట్లను రెండు మూడు వరుసలుగా నాటవలెను. అట్టి వరుస తన ఎత్తునకు సుమారు పదింతల దూరము వఱకు గాలి ఉధృతమును తగ్గించును. గోడవలె సందులేక నాటరాదు. కొంత గాలి గుండపోవునట్లు ఉండినగాని వెనుక సుడులు లేచును. ఈ చెట్లను ఇంటికి, పశువులపాకకు వాని ఎత్తు కంటె ఎక్కువ దూరముననే నాటవలెను. అరటికి గెల వేసినప్పుడే ఊతకఱ్ఱలు పెట్టవలెను.

6. పశువుల విషయమున

పశువులను చెట్టునకు కట్టివేయుట మన అలవాటు. పిడుగు మొదట పడునది చెట్టుమీదనే. గాలికి విఱుగునదియు అదే. నారింజ హెచ్చరిక వచ్చిన దినమున సాయంకాలము కాకముందే పశువులను గట్టి కొట్టమునకు తోలవలెను. గొఱ్ఱెల కాపరులు ఉఱుము వినగానే మందను చెట్ల క్రిందనుండి, తీగెల కంచెల దగ్గఱనుండి దూరముగా తోలవలెను. కాలము చిక్కనప్పుడు పలుపులు విప్పి పశువును విడిచిపెట్టి మనిషి పరుగెత్తవలెను. పశువు కర్షకునకు సగము బ్రదుకు. ఈ మాట చెప్పుట ఎంత కష్టమో ఎఱుగుదుము. అయినను కట్టువిప్పిన పశువు తన దారి తాను చూచుకొనును. తండ్రిని కోల్పోయిన ఇంటికి మరల తండ్రి రాడు.

7. డప్పు మ్రోగినప్పుడు

రెండవమాఱు మ్రోగునా యని చూడక వెంటనే కదలవలెను. గట్టి కట్టడములో క్రింది అంతస్తున, కిటికీలు లేని లోపలి గదిలో, గోడవైపు మొగము పెట్టి కూర్చుండి, గొంగడితో గాని బొంతతో గాని తలను కప్పుకొనవలెను. బల్లయున్నచో దాని క్రింద దూరవలెను. మిద్దెపైకి ఎక్కి మేఘమును చూచుట, ఫోనుతో చిత్రములు తీయుట కూడదు.

చేనులో చిక్కుకొనినవారు పిడుగుల భయమున్నప్పుడు చెట్టు క్రింద నిలువరాదు, నీరున్న మడిలో నుండి గట్టునకు రావలెను, గుంపుగా నుండక ఒండొరులకు ఎడముగా, పాదములు రెండును చేర్చి గొంతుకూర్చుండవలెను, నేలమీద పరుండరాదు. కొమ్మలు, రేకులు ఎగురునంతటి గాలి మీద పడినప్పుడు మాత్రము నీరులేని గుంటలోనో కాలువలోనో బోరగిల పడుకొని తలను చేతులతో కప్పుకొనవలెను. మెఱుపు కనబడి ఉఱుము వినబడుటకు నడుమ మూడు అంకెలు లెక్కించుటకు పట్టు కాలము సుమారు ఒక కిలోమీటరు దూరమునకు గుర్తు. చివరి ఉఱుము వినిన పిమ్మట అరగంట వఱకు బయటికి రారాదు. మన దేశమున 2022వ సంవత్సరమున పిడుగుపాటుచే 2,887 మంది మరణించినట్లు ప్రభుత్వపు లెక్కలు తెలుపుచున్నవి. వీరిలో పొలమున పనిచేయువారే అధికము.

పిడుగు పడిన మనిషిని ముట్టిన ప్రమాదమనుట తప్పు. అతని దేహమున విద్యుత్తు నిలువయుండదు. ఊపిరి ఆగినచో వెంటనే ఱొమ్ము నడుమ రెండు చేతులతో గట్టిగా, వేగముగా అదుముచు, 108 నకు ఫోను చేయింపవలెను.

8. గాలి తగ్గిన పిమ్మట

మొదట మనుష్యులను లెక్కింపవలెను. వాడవారీగా వ్రాసిన జాబితా ఇప్పుడు పనికివచ్చును. తెగిన విద్యుత్తు తీగలను కఱ్ఱతోనైనను కదల్పరాదు. లైనుమాను వచ్చి చెప్పువఱకు బావి మోటారు వేయరాదు. బీటలువాఱిన గోడల ప్రక్కన పిల్లలను నిలువనీయరాదు.

పంట నష్టమైనవారు చేనును దున్నకముందే ఫోటోలు తీసి, వ్యవసాయ విస్తరణాధికారికిని, తహశీలుదారు కార్యాలయమునకును వ్రాతమూలముగా తెలుపవలెను. సర్వే నంబరు, విస్తీర్ణము, పంట పేరు, కౌలుదారుడైనచో ఆ సంగతి స్పష్టముగా వ్రాయవలెను. 2015వ సంవత్సరము నుండి కేంద్ర నియమముల ప్రకారము పంట నష్టము 33 శాతము, అంతకు పైబడినచో సహాయమునకు అర్హత కలుగుచున్నది. పంచనామా చేయునప్పుడు రైతు స్వయముగా చేనులో నుండి, వ్రాసినదానిని చదివించుకొని విని, పిమ్మటనే చేవ్రాలు చేయవలెను. పశువు చనిపోయినచో పశువైద్యుడు చూడకముందు పూడ్చరాదు.

మామిడితోటలో రాలిన కాయను ఆ దినముననే ఏరి, పచ్చడికి పంపిన కొంత సొమ్మైనను దక్కును. విఱిగిన కొమ్మలను ఱంపముతో నునుపుగా కోసి, కోతకు బోర్డో ముద్ద పూయవలెను.

9. సంగ్రహము

(అ) ప్రతి వాడకు ఒక గట్టి చోటు. ఆ చోటు తలుపు ఎవరికి తెఱువబడునో ముందే పలికియుండుట.
(ఆ) హెచ్చరిక వినుటకు ఇద్దఱు, చాటుటకు డప్పు.
(ఇ) నడువలేనివారికి ఒక్కొక్క తోడు.
(ఈ) రేకులపై రాళ్ళు తీసివేసి బోల్టులు బిగించుట.
(ఉ) టార్పాలినుతో కూడ మేకులు, త్రాళ్ళు.
(ఊ) ఉఱుము వినగానే చెట్టును విడుచుట.
(ఋ) మొదటి డప్పునకే కదలుట.

పై ఏడింటిలో బోల్టులకును టార్పాలినుకును తప్ప మిక్కిలి ఖర్చు లేదు. తక్కిన వానికి కావలసినది ఒక సాయంకాలపు సభయు, ఇరుగుపొరుగుల సమ్మతియు మాత్రమే. చదువనేర్చినవారు ఈ పత్రమును చదువనేరని వారికి చదివి వినిపించి, రాబోవు మాఘమాసమునకు ముందే తమ గ్రామమున సభ జరుగునట్లు చూడగోరుచున్నాము.